ఈశాన్యం మూల స్పీకరు

కిందటి వారం బసవమ్మను మనం గడప బయటే వదిలేసి వచ్చాం. పాపం ఆవిడ ఎండలో గురజాల నుంచి బస్సెక్కి నరసరావుపేట దాకా వచ్చింది, తన ఆడపడుచు అన్నపూర్ణమ్మను కొత్తింటి గృహప్రవేశానికి పిలవడానికి. కుంకుమ భరిణె మూత తీసి వేలు ముందుకు చాచింది. అన్నపూర్ణమ్మ మొహం పక్కకు తిప్పుకుంది. బొట్టు పెట్టించుకోలేదంటే పిలుపు అందుకోలేదనే అర్థం.

"శుక్రవారం పొద్దున్నే వదినా. పాలు పొంగించాల్సింది ఆడపడుచు. మీ తమ్ముడికి నువ్వు తప్ప ఇంకో అక్క లేదు. ఈసారి కూడా రాకపోతే ఇంక మేం ఈ గుమ్మం ఎక్కం," అని చెప్పి, భరిణె మూత పెట్టుకుని బసవమ్మ వెళ్ళిపోయింది.

అన్నపూర్ణమ్మకు తమ్ముడు రామబ్రహ్మం మీద కోపం ఈనాటిది కాదు. కూతురు లిఖితకు ఓణీలు ఇచ్చిననాటిది. ఓణీల ఫంక్షన్‌లో మేనమామదే పెద్దపీట. ఓణీ తెచ్చేది ఆయనే, పిల్ల మీద మొదటి అక్షింతలు వేసేదీ ఆయనే. రామబ్రహ్మం ఓణీ తెచ్చాడు. అక్షింతలు వెయ్యి రారా అని నిండు పందిట్లో అక్క పిలిస్తే మాత్రం వెనక్కి తగ్గి, మెతుకు ముట్టకుండా వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున్నే కబురు తెలిసింది, గురజాలలో తమ్ముడి దగ్గరున్న అమ్మ పోయిందని. అన్నపూర్ణమ్మ గుండెలు బాదుకుంటూ వెళ్ళేసరికి అమ్మ లేదు, బూడిద ఉంది. నేను వచ్చేదాకా ఆగలేకపోయావా అని తమ్ముణ్ణి పట్టుకుని అడిగింది. నోటికొచ్చినట్టు తిట్టింది. అతను తల వంచుకుని నిలబడ్డాడే గాని ఒక్క మాట తిరిగి అనలేదు. తప్పు చేసినవాడికి మాటలెక్కడి నుంచి వస్తాయని ఆవిడ అనుకుంది, పదహారేళ్ళుగా అలాగే అనుకుంటోంది.

ఇవాళ బుధవారం. ఆవిడ మనసు మారడానికి ఇంకా ఒక్క రోజుంది. మారే సూచనలైతే ఆ మధ్యాహ్నం దాకా ఏమీ లేవు.

ఆ మధ్యాహ్నం ఆ ఇంట్లో గొడవ జరుగుతున్నది దీని గురించి కాదు. హోమ్ థియేటర్ గురించి.

అన్నపూర్ణమ్మ భర్త బాబూరావు కోర్టులో సిరస్తాదారుగా చేసి రిటైరైన మనిషి. ఏ కాగితం ఏ కట్టలో ఉండాలో ముప్ఫై ఏళ్ళు చూసుకుని చూసుకుని, ఇంట్లో ఏ చెంబు ఏ గూట్లో ఉండాలో కూడా తనే చెప్పే అలవాటు పడ్డాడు. అల్లుడు ముచ్చటపడి ఐదు స్పీకర్లు, ఒక పెద్ద బాస్ పెట్టె ఉన్న సెట్టు పంపితే, దాన్ని బిగించడానికి వచ్చిన కుర్రాణ్ణి గుమ్మంలోనే ఆపి, ముందు వాస్తు చూసే ఆయన్ను పిలిపించాడు. ఆయన దిక్సూచి చేతబట్టుకుని హాలంతా తిరిగి తీర్పు చెప్పాడు. బాస్ పెట్టె బరువైనది కాబట్టి నైరుతి. టీవీ దక్షిణం గోడకు ఉండనివ్వచ్చు. ముందు రెండు, మధ్యలో ఒకటి, వెనక వాయవ్యం మూల ఒకటి, వీటికి అభ్యంతరం లేదు. వెనక ఎడమ పక్క పెట్టాల్సింది మాత్రం సరిగ్గా ఈశాన్యం మూలకు వస్తోంది. అది దేవుడి మూల. అక్కడ బరువు పనికిరాదు, కరెంటు అసలే పనికిరాదు. అంతే, ఐదో స్పీకరు ప్లాస్టిక్ కవరుతో సహా అటకెక్కింది. కంపెనీవాళ్ళు ఎంతో ఆలోచించి ఐదు పెడితే బాబూరావు గారి హాల్లో నాలుగే పలుకుతున్నాయి.

పురిటికి పుట్టింటికి వచ్చిన లిఖితకు ఏడో నెల. పని చెయ్యనివ్వరు, బయటికి వెళ్ళనివ్వరు. తోచక బీరువా సర్దుతుంటే చీరల కింద తన ఓణీల ఫంక్షన్ డిస్కు దొరికింది. మామూలు డిస్కు కాదు, అప్పడమంత చిన్నది. అప్పట్లో బాబూరావు స్నేహితుడి దగ్గర డిస్కు మీదే రికార్డు చేసే కెమెరా ఉండేది. దాన్ని అరువు తెచ్చి, షామియానా చివర రాట పక్కన స్టాండు మీద నిలబెట్టి, ఆన్ చేసి వదిలేశారు. మా ఆయనకు చూపించాలి నాన్నా అని లిఖిత పట్టుబట్టింది. పాత డిస్కు ప్లేయర్ అటక దిగింది.

బాబూరావు పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల వైరు తెచ్చి ప్లేయర్ వెనక ఒక కొస, హోమ్ థియేటర్ పెట్టె వెనక ఒక కొస గుచ్చాడు. బొమ్మ వచ్చింది. సన్నాయి మేళం కూడా వచ్చింది, ముందు రెండు స్పీకర్లలోంచి.

"వచ్చిందిగా," అన్నాడు చేతులు దులుపుకుని.

"ఏం వచ్చింది నాన్నా, ఈ మాత్రానికి టీవీ చాలదా?" అంది లిఖిత. "ఆ కెమెరా ముందు శబ్దం ముందు, వెనక శబ్దం వెనక విడివిడిగా పట్టుకునే రకం. డిస్కు మీద రాసే ఉంది చూడు. నువ్వు పెట్టిన వైరులో రెండిటికే దారి. అన్నీ కలిపి కలగాపులగం చేసి ఆ రెండిట్లోకే తోస్తది. దీనికి వేరే వైరుంది."

సెట్టుతో పాటు వచ్చిన సన్నటి నల్ల వైరును అట్టపెట్టెలోంచి తీసింది. ఒక కొస ప్లేయర్‌కు గుచ్చితే రెండో కొసన ఎర్రటి వెలుగు చుక్క కనిపించింది. కరెంటు కాదు, వెలుతురు మోసే వైరని చెబితే బాబూరావు దాన్ని కళ్ళద్దాలు పైకి నెట్టి మరీ చూశాడు. రెండో కొస పెట్టెలో గుచ్చాక, లిఖిత ప్లేయర్ మెనూలోకి వెళ్ళి శబ్దాన్ని కలపకుండా ఉన్నదున్నట్టు పంపమని మార్చింది. ఇటు పెట్టె మీద కూడా ఈ వైరునే వినమని నొక్కింది. వాయవ్యం మూల స్పీకరు ఒక్కసారిగా పలికింది. పిల్లలు పరుగెత్తుతున్న అడుగుల చప్పుడు.

"ఇంకా ఒకటి కావాలి. అటక మీదది దించు నాన్నా."

"ఈశాన్యంలోనా? పెట్టమాక. అసలే ఒట్టి మనిషివి కూడా కాదు నువ్వు."

"ఒక్క గంటే నాన్నా. దేవుడి మూలేగా, ఆయన కూడా వింటాడులే."

కూతురు అడిగితే బాబూరావు దగ్గర కాదనే మాట ఎక్కువసేపు నిలవదు. స్టూలెక్కి స్పీకరు దించాడు. వైరు కొసలు పంటితో ఒలిచి, ఎరుపును ఎరుపులో, నలుపును నలుపులో తన చేత్తో తనే బిగించాడు. బరువు నేల మీద పడకూడదని పీట వేసి దాని మీద పెట్టాడు. ఆ మూలనే దేవుడి గూటి కింద చాప వేసుకుని అన్నపూర్ణమ్మ పత్తి వత్తులు చేస్తోంది. ఆ ఫంక్షన్ చూసేది లేదని పొద్దున్నే చెప్పింది, అందుకే టీవీకి వీపు పెట్టి కూర్చుంది. స్పీకరు ఆవిడ మోచేతికి జానెడు దూరంలో ఉంది.

లిఖిత డిస్కును మళ్ళీ మొదటి నుంచి పెట్టింది.

ఈసారి హాలు హాలంతా షామియానా అయిపోయింది. ముందు సన్నాయి, డోలు. వెనక కుర్చీలు జరుపుతున్న మోత, మంచినీళ్ళ కోసం ఎవరో కేకెయ్యడం, ఎక్కడో కుక్కర్ కూత. అన్నపూర్ణమ్మ చేతిలో వత్తి ఆగింది. ఆవిడ పక్కనే ఎవరో ముసలావిడ, "లడ్డులో పచ్చకర్పూరం ఎక్కువేశాడే వంటవాడు," అని గొణిగింది.

"ధనమ్మ పిన్ని గొంతు కదూ," అంది అన్నపూర్ణమ్మ. ధనమ్మ ఎదురింటి ఆవిడ, పోయి చాలా ఏళ్ళయింది. "ఎక్కడికెళ్ళినా వంటకి వంక పెట్టేదే," అని నవ్వింది. ఆ నవ్వు చూసి లిఖితకు ప్రాణం లేచొచ్చింది. తల్లి ఇటు తిరిగి కూర్చుంటే బాగుండునని కూడా అనుకుంది.

టీవీలో పన్నెండేళ్ళ లిఖిత పీటల మీద కొత్త ఓణీలో బిగుసుకుని కూర్చుని ఉంది. పక్కన పట్టుచీరలో అన్నపూర్ణమ్మ, అక్షింతల పళ్ళెం చేతిలో పట్టుకుని పందిట్లోకి చూస్తోంది.

అప్పుడు ఈశాన్యం మూలలో సెల్‌ఫోన్ మోగింది. హాల్లో ముగ్గురూ తమ ఫోన్ల కోసం చూసుకున్నారు. మోగింది డిస్కులో.

"చెప్పు బసవా," అంది కెమెరా వెనక నుంచి రామబ్రహ్మం గొంతు. ఆ తర్వాత అతని ఊపిరి మాత్రం వినిపించింది. తర్వాత, "బావా, ఒకసారి ఇట్టా రా," అన్నాడు.

రిమోట్ బాబూరావు చేతిలో ఉంది. తర్వాత వచ్చే మాటలేమిటో ఆ హాల్లో తెలిసింది ఆయన ఒక్కడికే. బొటనవేలు ఆపే మీట మీదికి పోయింది. ఆపెయ్యచ్చు. పాత డిస్కు కదా, చెడిపోయిందంటే ఎవరూ అడగరు. అన్నపూర్ణమ్మ తల తిప్పి ఆ వేలు చూసింది, భర్త మొహం చూసింది. బాబూరావు రిమోట్‌ను సోఫా మీద పెట్టేశాడు.

"అమ్మ పోయింది బావా. ఇప్పుడే."

"ఏంది?" ఇది బాబూరావు గొంతు, పదహారేళ్ళ కిందటిది.

"గట్టిగా అనమాక. అక్క పీటల కాడుంది. ఇప్పుడు తెలిసిందంటే మైల అంటారు, ఫంక్షన్ ఆపేస్తారు. పిల్ల బిక్కచచ్చిపోద్ది. పొద్దున అమ్మే పంపింది బావా నన్ను, ఓణీ అందాల్సిందే పోరా అని. అక్షింతలు పడనీ."

"మరి నువ్వు?"

"నేను పోతా. నాకిప్పుడు మైల, ఇక్కడ ఉండకూడదు. అక్కకి ఏదో ఒకటి చెప్పు. భోజనాలు కాగానే తీసుకురా. అక్క వచ్చిందాకా నేను అమ్మని లేపనియ్యను. తెస్తావుగా?"

"తెస్తా. నువ్వు పద."

"మాటేనా బావా?"

"మాటే."

టీవీలో అన్నపూర్ణమ్మ నవ్వుతూ చెయ్యూపింది. "రారా తమ్ముడూ, నీదే ముందు," అన్న కేక ముందు స్పీకర్లలోంచి వచ్చింది. తెర అంచున రామబ్రహ్మం వీపు కనిపించింది. అతను రెండు చేతులూ జోడించాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు, ఇంకో అడుగు వేసి తెరలోంచి తప్పుకున్నాడు. పందిట్లో అందరికీ, పదహారేళ్ళుగా అన్నపూర్ణమ్మకూ కనిపించింది అంతే. ఆ రోజు కెమెరా ఒక్కటే విన్న మాట ఇప్పుడు ఆవిడ మోచేతి పక్కన వినిపించింది.

"పిలవమాకే అక్కా. నేను ముట్టుకోకూడదే పిల్లని."

లిఖిత లేచి ప్లేయర్ ఆపేసింది.

అన్నపూర్ణమ్మ వత్తులు పక్కన పెట్టింది. చాప మీద నుంచి లేవలేదు. ఏడవలేదు కూడా. ఏడిస్తే బాగుండునని బాబూరావుకు అనిపించింది.

"ఆ గొంతు మీదేగా," అంది.

"నాదే."

"వాడు అమ్మని ఎందాక ఉంచాడు?"

"పొద్దు గూకిందాకా. చీకటి పడితే దహనం చెయ్యకూడదని పెద్దోళ్ళు మీదపడ్డారంట. అయినా ఉంచాడు."

"మీరేం చేస్తున్నారు అప్పుడు?"

బాబూరావు సోఫాలోంచి లేచి వచ్చి, ఆవిడకు ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. మోకాళ్ళ నొప్పులతో ఆయన నేల మీద కూర్చుని చాలా కాలమైంది. కోర్టులో ఎంతోమంది చేత ప్రమాణం చేయించిన మనిషికి ఒక్క వాక్యం మొదలుపెట్టడానికి చాలాసేపు పట్టింది.

"జడ్జిగారు వచ్చారు భోజనానికి. ఆయన మన ఇంటికి రావటం అదే మొదలు. ఆయన లేచిందాకా అనుకున్నా. ఆయన లేచేసరికి పొద్దు వాలింది. చెబుదామనే లోపలికొచ్చా. నువ్వు పిల్లకి దిష్టి తీస్తున్నావు. నవ్వుతున్నావు. పెళ్ళయినాక నీ మొహం అట్టా వెలగటం నేనెప్పుడూ చూళ్ళేదు. ఇంకో అరగంట అనుకున్నా. బ్రహ్మం ఫోన్ చేశాడు. బయల్దేరామన్నా. మళ్ళీ చేశాడు. దారిలో ఉన్నామన్నా. మూడోసారి ఎత్తలేదు. ఇంక ఏం చెప్పాలో తెలియలా. తెల్లారినాక, అప్పుడే కబురొచ్చినట్టు చెప్పా నీకు."

బాబూరావు చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఈ కథ రాయడం నాకు చాలా తేలికయ్యేది. ఇంటికొచ్చిన పెద్దమనిషి ముందు పరువు కోసం ఒక గంట, భార్య నవ్వు కోసం ఒక అరగంట ఆగాడు. ఆగినదాన్ని దాచడానికి అబద్ధమాడాడు. తర్వాత ఆ అబద్ధం పక్కనే కాపురం చేశాడు. ఆయన మీద కోపం తెచ్చుకోండి, నాకు అభ్యంతరం లేదు, కానీ కాస్త జాలి కూడా మిగుల్చుకోండి.

అన్నపూర్ణమ్మ దగ్గర ఆ సమయానికి జాలి లేదు.

"నేను వాణ్ణి తిడతా ఉంటే మీరు నా పక్కనే నిలబడ్డారు," అంది.

"నిలబడ్డా."

"నా భుజం పట్టుకుని ఊరుకోబెట్టారు. పోనీలే అన్నపూర్ణా, చిన్నోడు, తెలియక చేశాడు అన్నారు."

బాబూరావు తల వంచుకున్నాడు.

"వాడు మీ మొహం వంక చూశాడు. నాకు గుర్తుంది. మీరు చెబుతారని చూశాడు. మీరు చెప్పలా. వాడూ చెప్పలా. చెబితే నా కాపురం ఏమవుద్దోనని నోరు మూసుకున్నాడు. అమ్మని కాలబెట్టి వచ్చి, నిద్రన్నా పోకుండా, నా చేత తిట్లు తిన్నాడు. మొన్న బసవమ్మ బొట్టు పెట్టబోతే మొహం తిప్పుకున్నా. ఆ పిల్ల అంత దూరం నుంచి వచ్చి మంచినీళ్ళన్నా తాగకుండా పోయింది. నా చేత ఎంత పాపం చేయించారండీ మీరు."

లిఖిత తల్లి పక్కన చాప మీద చతికిలబడింది. "అంతా నా ఫంక్షన్ కోసమా అమ్మా," అని వెక్కింది. తన కోసం ఇద్దరు పెద్దవాళ్ళు ఒక చావును దాచారన్న సంగతి ఆ పిల్లకు మింగుడు పడటం లేదు.

"నువ్వేం చేశావే, పసిదానివి. ఏడవమాక, లోపల బిడ్డకి మంచిది కాదు," అంటూ అన్నపూర్ణమ్మ కూతురి కళ్ళు తుడిచింది. తన కళ్ళు మాత్రం తుడుచుకోలేదు. కాసేపటికి, "మీ మామయ్య నంబరు ఎవరి దగ్గరన్నా ఉంటదా," అంది.

లిఖిత తన ఫోన్ తీసి నంబరు నొక్కింది. అది ఆమె దగ్గర ఎప్పటి నుంచి ఉందో అడిగే ఓపిక అన్నపూర్ణమ్మకు లేదు. ఫోన్‌ను పైకి వినబడేలా పెట్టి చాప మీద ఉంచమంది.

"చెప్పు తల్లీ," అన్నాడు రామబ్రహ్మం అవతలి నుంచి. వెనక ఎవరో మేకులు కొడుతున్న చప్పుడు. కొత్తింటికి పందిరి వేస్తున్నట్టున్నారు.

"నేనేరా," అంది అన్నపూర్ణమ్మ.

మేకుల చప్పుడు దూరమైంది. అతను పక్కకు వచ్చి నిలబడి ఉంటాడు.

"తమ్ముడూ, నాకు తెలిసింది. అమ్మ ఎప్పుడు పోయిందో, నువ్వు ఎవరికి చెప్పి పోయావో, నా కోసం ఎందాక ఉంచావో, అంతా తెలిసింది. నన్ను ఏమన్నా అను. తిట్టు."

"నిన్ను అనేదేంది అక్కా. నీ మీద నాకు ఏనాడూ ఏం లేదు," అన్నాడు. "శుక్రవారం నువ్వు రా. పాలు నువ్వే పొంగించాల. కానీ ఒక్కటి అడుగుతా, నిజం చెప్పు. ఇది బావ చెప్పాడా నీకు? లేకపోతే నీ అంతట నీకు తెలిసిందా?"

అన్నపూర్ణమ్మ తల తిప్పి బాబూరావు వంక చూసింది.

"ఎందుకంటే అక్కా, అమ్మకి నిప్పంటించేటప్పుడు నేనొకటి అనుకున్నా. బావ తన నోటితో తను నీకు ఈ మాట చెప్పిందాకా నా గడప తొక్కనియ్యకూడదని. ఇది ఆ తర్వాత కట్టుకున్న ఇల్లు. దీనికీ అదే మాట. ఆయనే చెబితే ఇద్దరూ రండి, కాళ్ళు కడిగి లోపలికి తీసుకుపోతా. లేకపోతే నువ్వొక్కదానివే రా."

బాబూరావు నేల మీద అలాగే కూర్చుని ఉన్నాడు. ఆ మాటలన్నీ ఆయనకూ వినిపించాయి. అలా చెప్పు, ఇలా చెప్పు అని భార్యకు సైగ చెయ్యలేదు. ఫోన్ వైపు చూడలేదు, ఆవిడ వైపు చూడలేదు. ఆయన చెప్పకముందే డిస్కు చెప్పేసింది, అది నిజం. డిస్కు చెప్పనిదంతా ఆయనే కూర్చుని చెప్పాడు, అదీ నిజమే. ఈ రెండిట్లో ఏది తమ్ముడికి చెప్పాలో తేల్చుకోవాల్సింది, పదహారేళ్ళు ఇద్దరి చేతా మోసపోయిన ఆ ఒక్క మనిషే.

"చెప్పక్కా," అన్నాడు రామబ్రహ్మం.